పన్నెండో నంబరు ఇంట్లో ఒకరు

నాలుగో వరస సిగ్నల్ డ్యూటీ పుస్తకం. రాస్తున్నది ఓదెలు, సిగ్నల్ మేస్త్రీ.

అప్‌డేట్ రోజు

పొద్దున ఎనిమిదింటికి పైనుంచి కబురు వచ్చింది. పది గంటలకు ఇంటింటి సిగ్నల్ డబ్బాలన్నిటికీ అప్‌డేట్, వరసలోని నలభై ఇళ్లూ పది నిమిషాలు ఖాళీ చేయించాలి. ఇన్నాళ్లూ తలుపు దగ్గరి కన్ను మనుషుల్ని లెక్కపెట్టేది. ఇకనుంచి ఆ పని సిగ్నల్‌దే. ఈ పది నిమిషాల్లో డబ్బా ఖాళీ ఇంటిని చూసుకుని గోడ ఏది, బీరువా ఏది, మంచం ఏది అని గుర్తు పెట్టుకుంటుంది. ఆ తర్వాత ఎవరు లోపలికి వచ్చినా, వాళ్ల ఒంటికి తగిలి సిగ్నల్ ఎక్కడ ఎంత తగ్గిందో చూసి ఇంట్లో ఎందరున్నారో తేల్చుకుంటుంది. ఎందరుంటే అంత గాలి వదులుతుంది, దీపాలు వేస్తుంది. ఎవరూ లేరనుకుంటే దీపాలు వెంటనే ఆర్పి, అరగంట ఆగి గాలి గొట్టం మూసేస్తుంది. పైన ఎండ యాభై ఆరు డిగ్రీలు దాటాక పాత బొగ్గు గనిలో, మూడు వందల మీటర్ల లోతున కాపురం పెట్టినవాళ్లం మేము. గాలిని వృథా చేసే గొప్పతనం మాకు లేదు.

అప్‌డేట్ అంటే మా వరసలో చిన్న పండగ. అందరూ స్టూళ్లు తెచ్చుకుని బయట సొరంగం దారిలో కూర్చుంటారు. పక్కింటి సువర్ణ మక్క గారెలు వేస్తుంది. చాయ్ తిరుగుతుంది. లేవలేని వాళ్లు ఏడిళ్లలో ఉన్నారు. వాళ్లని లోపలే ఉంచడం ముందునుంచీ ఉన్న అలవాటు. తలుపులు ఇరుకు, మంచాలు బరువు, పది నిమిషాల భాగ్యానికి ముసలి ఒళ్లను ఎందుకు కదిలించడమని. కబురులో 'ఒక్కరు కూడా ఉండరాదు' అని రాసి ఉంది. ప్రతిసారీ అలాగే రాస్తారు.

మా అక్క బుచ్చమ్మ ఆ ఏడుగురిలో ఒకరు. పక్షవాతం వచ్చి రెండేళ్లయింది. ఎడమ పక్క పూర్తిగా పడిపోయింది గానీ నోటికి మాత్రం ఏ వాతమూ రాలేదు.

"నన్నీడ ఇడిసిపెట్టి గారెలు తినవోతున్నవ్. నాకు రెండు తే" అంది.

"పది నిమిషాలక్కా. కదలకుండ పండుకో."

"కదులుడే వస్తే నీ ఇంట్ల ఎందుకుంటరా!"

సరిగ్గా పదింటికి చేతి మీటరు తీసి, నలభై నంబర్ల పక్కనా 'ఇల్లు ఖాళీ' అని వేలితో నొక్కాను. అదే నా సంతకం. రెండో చేతిలో గారె ఉంది.

రెండో రోజు

అప్‌డేట్ బ్రహ్మాండం. మీటరులో మైనస్ పక్కన అంకె ఎంత చిన్నదైతే సిగ్నల్ అంత బాగున్నట్టు. నిన్నటిదాకా మైనస్ అరవై దగ్గర మూలిగిన ఇళ్లు ఇవాళ యాభైకి వచ్చాయి. అన్నిటికన్నా బాగుపడ్డవి ఏడు: మూడు, తొమ్మిది, పన్నెండు, పదిహేడు, ఇరవై రెండు, ముప్పై ఒకటి, ముప్పై ఎనిమిది. అవి నలభై రెండు దాకా వచ్చేశాయి. ఇరవై రెండు మాదే. ఇదివరకు అక్క మంచం వెనక సిగ్నల్ చచ్చిపోయేది. మనిషంటే నిండు నీళ్ల కుండ కదా, సిగ్నల్‌ని తాగేస్తుంది. ఇప్పుడు అక్కడ కూడా అక్క వినే ఒగ్గు కథ ఆగకుండా వస్తోంది. డబ్బా ఆ దిక్కుకు బలం పెంచి పంపుతున్నట్టుంది.

వరసంతా నన్ను మెచ్చుకున్నారు. ముప్పై ఏళ్ల సర్వీసులో సిగ్నల్ మేస్త్రీని మెచ్చుకున్న మనిషిని నేను చూడలేదు. ఆ ఏడు ఇళ్లే ఎందుకు బాగుపడ్డాయని ఆలోచించలేదు. పొగుడుతుంటే ఎవరు ఆలోచిస్తారు!

నాలుగో రోజు

పన్నెండో నంబరు పోశత్త నుంచి ఫిర్యాదు. డెబ్బై అయిదేళ్ల మనిషి. పొద్దున ఏడింటికి పుట్టగొడుగుల షెడ్డుకు వెళ్లి ఒంటిగంటకు వస్తుంది. ఐలయ్య మామ మంచం పట్టి రెండేళ్లు దాటింది. ఈ గనిలో బొగ్గు కొట్టిన ఆఖరి జట్టులో ఆయనొకడు. ఇప్పుడు అదే గనిలో పడుకుని ఉన్నాడు.

"నేనొచ్చేసరికి ఇల్లంత ఉమ్మగిస్తున్నది ఓదెలూ. మీ మామ తల నొస్తున్నదంటడు" అంది పోశత్త.

గొట్టం దగ్గర చెయ్యి పెట్టి చూశాను. గాలి చల్లగా, బాగా వస్తోంది.

"మంచిగనే వస్తున్నది గదత్తా."

"నువ్వుంటే మంచిగనే వస్తది."

ఆ మాట నా చెవిలో పడింది గాని బుర్రకు చేరలేదు. జల్లెడ విప్పి కడిగాను. సిగ్నల్ చూశాను. మైనస్ నలభై ఒకటి, వరసలోకల్లా మొదటి ర్యాంకు. మామ మంచంలోంచి పిలిచాడు.

"ఓదెలూ, మీ అత్త గడప దాటంగనే బత్తీలు బందైతున్నయిరా. ఒంటిగంట దాక చీకట్లనే ఉంటున్న."

"చీకటైతే నిద్ర మంచిగ పడ్తది మామా. పనికి పోయేటోళ్లమైతే మేము గద, నీకేంది!"

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. 'జల్లెడ కడిగాను, ఫిర్యాదు పరిష్కారం' అని పుస్తకంలో రాసుకుని చాయ్‌కి వెళ్లిపోయాను.

ఆరో రోజు

ఐలయ్య మామ పోయాడు. పోశత్త ఒంటిగంటకు వచ్చి తలుపు తీసేసరికి ఒళ్లు చల్లబడి ఉంది. ఎనభై ఒక్కేళ్లు, వయసు మీరింది అన్నాడు డాక్టరు. అందరం తలలూపాం. లిఫ్టులో పైకి తీసుకెళ్లి సాయంత్రానికి కానిచ్చి వచ్చాం. ఆనవాయితీ ప్రకారం మంచం కూడా బయట పెట్టేశాం.

పోశత్తను ఆడవాళ్లు బయట స్టూలు మీద కూర్చోబెట్టి తల మీద నీళ్లు పోశారు. ఇంట్లో ఎవరూ లేరు. దీపాలు మాత్రం వెలుగుతున్నాయి. గాలి గొట్టం బుస్సుమంటోంది. డబ్బా పాడైందనుకుని మీటరు తీసి మనుషుల లెక్క చూశాను.

పన్నెండు: ఒకరు.

లోపలికి వెళ్లాను. ఇద్దరు అని చూపించింది. బయటికి వచ్చాను. ఒకరు. మళ్లీ లోపలికి వెళ్లి, మంచం కాళ్ల గుర్తులు మిగిలిన చోట నిలబడ్డాను. ఆ నాలుగు గుంటల మధ్య గాలి నా మొహానికి నేరుగా తగులుతోంది. ఎవరికో విసురుతున్నట్టు.

"ఏం జూస్తున్నవురా?" అంది పోశత్త బయటినుంచి.

"ఏం లేదత్తా" అన్నాను.

డబ్బా ఖాళీ ఇంటిని చూసుకున్న ఆ పది నిమిషాలూ మామ మంచంలోనే ఉన్నాడు. కాబట్టి దాని దృష్టిలో ఖాళీ ఇల్లంటే మామ పడుకుని ఉన్న ఇల్లు. ఆయన ఉన్నన్నాళ్లూ అక్కడ ఎవరూ లేరనుకుంది. గోడకు, బీరువాకు గాలెందుకు? అత్త వెళ్లగానే దీపాలు ఆర్పి, గొట్టం మూసింది. ఇప్పుడు ఆయన లేడు. ఆ చోట సిగ్నల్ మారింది. మారింది కాబట్టి ఎవరో వచ్చారనుకుంటోంది.

మా ఇంటికి పరుగెత్తాను. అంతా చీకటి. నేను గడప దాటగానే దీపం వెలిగింది, గొట్టం తెరుచుకుంది. అక్క నోరు తెరుచుకుని పడుకుని ఉంది. చెంపలు తట్టాను. కాసేపటికి కళ్లు విప్పింది.

"వచ్చినవా? పొద్దటి సంది ఇంట్ల ఎవల్లేరురా."

"నువ్వున్నవ్ గదక్కా."

"నేనున్ననా?" అంది, నిజంగానే అడుగుతున్నట్టు.

నేను రౌండ్ల మధ్య చాయ్‌కని ఇంటికి వస్తుంటాను. సువర్ణ గంటకోసారి తొంగిచూస్తుంది. మా అక్క బతికి ఉండడానికి కారణం అంతే. పోశత్తకు చాయ్ తాగడానికి ఇంటికి వచ్చే తమ్ముడు లేడు. మామను చంపింది వయసు కాదు, నా వేలు. ఈ మాట రాయడానికి గంటసేపు కూర్చున్నాను.

ఏడో రోజు

మిగిలిన ఆరిళ్లకూ వెళ్లి మంచాలు ఈ మూల నుంచి ఆ మూలకు జరిపించాను. సిగ్నల్ ఇంకా బాగుంటుందని చెప్పాను. జనం నమ్మారు. నిజం చెప్పడానికి నోరు రాలేదు. దొంగకు తేలు కుట్టినట్టుంది నా బతుకు.

జరిపాక మనుషులు కనబడుతున్నారు. గాలి వస్తోంది. కానీ పాత చోట కూడా ఒకరు కనబడుతున్నారు. మా ఇంట్లో అక్క, నేను. మీటరులో ముగ్గురు.

అక్క కొత్త మూలనుంచి పాత మూలను చూస్తూనే ఉంది. ఆ మూలలో దీపం వెలుగుతోంది, గాలి కొడుతోంది. అక్కడ ఏమీ లేదు.

"గాడ ఎవల్ని పెట్టినవురా?" అంది.

"ఎవల్లేరక్కా."

"మరి బత్తి ఎవలికి?"

ఒగ్గు కథ పెట్టి గొంతు పెంచాను. అది పెడితే ఏదైనా మరిచిపోతుంది. ఇవాళ మరిచిపోలేదు.

ఎనిమిదో రోజు

పైనుంచి ఏడు ఇళ్లకూ ఒకే నోటీసు వచ్చింది. డబ్బా మొహం మీద పెద్ద అక్షరాలతో చూపించి, చదివి మరీ వినిపిస్తోంది. "మీ ఇంట్లో నమోదు కాని మనిషి ఒకరు ఉన్నారు. మూడు రోజుల్లో వారిని బయటికి పంపండి. లేనియెడల గాలి సగం చేయబడును."

తొమ్మిదో నంబరులో తిరుపతి మంచం కింద చూశాడట. బీరువా తెరిచి చూశాడట. పిల్లల్ని అడిగాడట. వాళ్లమ్మ ఒక్కతే నవ్వుతూ, 'ఎవలో గని సప్పుడు చేస్తలేడు, ఉండనియ్' అందట. ముప్పై ఎనిమిదో నంబరు వాళ్లు ఖాళీ మూలకు అగరొత్తులు వెలిగించారు. పదిహేడో నంబరు ఆవిడ ఆ మూల వైపు వీపు పెట్టి వంట చేయలేకపోతోంది. ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు. వరసలో నడుస్తుంటే ఏడిళ్లలోంచి అదే గొంతు వినబడుతోంది, వారిని బయటికి పంపండి అని.

లేనివాణ్ని బయటికి పంపడం ఎలాగో ఏ శిక్షణలోనూ చెప్పలేదు. మంచాలు పాత చోటికే జరిపితే నోటీసు పోతుంది, మనుషులూ పోతారు. లేదా రాత్రీ పగలూ ఒకరు పక్కన కూర్చుని ఉండాలి, ఎన్నాళ్లని? తలుపు తీసి పెడదామంటే నిమిషంలో సైరన్ మోగుతుంది. గొట్టం మూసే రేకుకు చెంచా అడ్డం పెట్టి చూశాను. గొట్టంలో లోపం ఉందని డబ్బా దాన్ని పూర్తిగా కట్టేసింది. చెంచా తీసి, తిట్టుకుంటూ గంటసేపు బాగు చేసుకున్నాను. సగం గాలితో అక్క రెండు రోజులు ఉండదు. మిగతా అయిదుగురూ అంతే.

తొమ్మిదో రోజు

కంట్రోలు గదికి ఫోన్ చేశాను. నీరజ మేడం ఎత్తింది. మర్యాదస్తురాలు, కాగితం తప్ప వేరే లోకం తెలియదు.

"అప్‌డేట్ నాటి ఖాళీ చూపు మళ్లీ చేయించాలి మేడం, నాలుగో వరసకు."

"మొదటిసారి చేసింది తప్పని తేలితేనే మళ్లీ చేయిస్తాం ఓదెలు గారూ. ఇళ్లు ఖాళీ అని మీ సంతకం ఉంది కదా?"

"ఉంది."

"అంటే ఖాళీగానే ఉన్నాయి."

"మేడం, తప్పని నేనే చెప్తే?"

"అప్పుడు మీ సంతకం రద్దవుతుంది. పదిహేను రోజుల్లో పైన ఎండలో టవర్ల పనికి వెళ్లాలి. ఆలోచించుకుని చెప్పండి."

టవర్ల పనికి వెళ్లినవాళ్లు యాభై అయిదేళ్ల వయసులో ఎన్నాళ్లు ఉంటారో నాకు తెలుసు. నేను పోతే అక్కను ఎవరు చూస్తారు? అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. నాకు భయం. ఆ భయంతోనే ఒక రోజంతా గడిపాను.

పదో రోజు

పొద్దున అక్కకు సంకటి కలిపి తినిపిస్తుంటే కుడి చేత్తో నా చొక్కా పట్టుకుంది.

"ఓదెలూ, నాకు సచ్చుడు ఇష్టం లేదురా. గిట్లనన్న ఉంట. ఆ మూలకున్నోన్ని పంపియ్యి, నన్ను పంపకు."

నేను చెంచా కింద పెట్టి ఏడ్చాను. ఆమె ముందు ఏడవడం చిన్నప్పుడే మానేశాననుకున్నాను.

ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను. రేపు పదింటికి మళ్లీ ఖాళీ చూపు ఇచ్చారు. మేస్త్రీగా అదే నా ఆఖరి సంతకం, ఆ తర్వాత టవర్లకు. షరతు ఒక్కటే. వరసంతా ఒకే సిగ్నల్ వల కాబట్టి నలభై ఇళ్లూ ఒకేసారి ఖాళీగా ఉండాలి. ఒక్క ఇంట్లో మనిషి ఉన్నా చూపు చెల్లదు, ఇంకో మూడు నెలలు ఆగాలి.

ముప్పై తొమ్మిది ఇళ్లకూ వెళ్లి నిజం చెప్పాను. తిట్టినవాళ్లు తిట్టారు. తిరుపతి కొట్టడానికి చెయ్యెత్తి దించాడు. ఆఖరికి పన్నెండో నంబరుకు వెళ్లాను. కావాలనే ఆఖరుకు పెట్టుకున్నాను.

పోశత్త నేల మీద కూర్చుని అన్నం తింటోంది. పక్కన నాలుగు గుంటల మధ్య చోటు తుడిచి పెట్టి ఉంది. అంతా చెప్పాను, ఆ రోజు చీకటి మీద నేను వేసిన జోకుతో సహా. ఆమె ముద్ద చేతిలోనే పట్టుకుని విన్నది.

"గారెలు తినుకుంట ఒత్తినవా?"

"అవునత్తా."

ముద్ద కంచంలో పెట్టేసింది.

"నేను బయటికి రాను."

"అత్తా, ఆరుగురున్నరు. మా అక్క ఉన్నది."

"నాకు ఎరుక. నీ అక్క నాకు చెల్లె అసోంటిది. గని నువ్వు ఇను. ఆయన ఉన్నప్పుడు నేను పనికి పోయొస్తే ఇల్లు చీకటిగ ఉంటుండె. ఇప్పుడు పనికి పోయొస్తే ఇల్లు వెలుగుతున్నది. గాలి మంచిగొస్తున్నది. తలుపు తీస్తే ఎవరో ఉన్నట్టే ఉంటది. గా డబ్బ మీద నంబరు జూసుకుంట అన్నం తింటున్న. నేనొక్కదాన్నే ఉంటే రెండు జూపెడ్తది. నీకది తప్పు. నాకు గాదు."

"అత్తా, గాడ మామ లేడు."

"ఆయన ఉన్నప్పుడు లేడన్నవ్ నువ్వు. ఇప్పుడు లేనప్పుడు ఉన్నడంటున్నది నీ డబ్బ. నేను ఎవరి మాట ఇనాలె?"

కాళ్లు పట్టుకుందామని వంగాను. ఆమె కాళ్లు వెనక్కి లాక్కుంది.

పదకొండో రోజు

తొమ్మిదిన్నరకల్లా అందరూ బయటికి వచ్చారు. ఈసారి స్టూళ్లు లేవు, చాయ్ లేదు. ఆరుగురినీ దుప్పట్లలో పెట్టి నలుగురేసి మోసుకొచ్చారు. మా తలుపు దగ్గర అక్క మోచేయి గీరుకుపోయి రక్తం వచ్చింది. అరవలేదు. రెండేళ్ల తర్వాత సొరంగం దారి చూస్తోంది.

"గోడలకు సున్నమెన్నడు కొట్టిన్రు?" అంది.

"పోయినేడక్కా. సున్నం కాదు, రాతిపొడి."

"మంచిగున్నది."

మీటరు తీశాను. ముప్పై మూడు ఇళ్ల పక్కన సున్నా. మనుషుల్ని మోసుకొచ్చిన ఆరిళ్ల పక్కన ఒకటి. నూట యాభై మందిమీ దారిలో నిలబడి ఆ ఆరిళ్లకేసి చూశాం. తలుపు అద్దాల్లోంచి దీపాల వెలుతురు వస్తోంది. లోపల గాలి ఎవరికో విసురుతోంది, మా ఇంట్లో అక్క చీర కొంగు దండెం మీద ఊగుతోంది. ఒక పాప వాళ్లమ్మను 'లోపలెవరు?' అని అడిగింది. వాళ్లమ్మ దాని కళ్లు మూసింది. నేనే స్వయంగా ఆరిళ్లలోకీ వెళ్లి మంచం కింద, తలుపు వెనక అంతా చూసి వచ్చాను. ఎవరూ లేరని నాకు తెలుసు. అయినా ఒక్కో ఇంట్లోంచి వెనక్కి అడుగులు వేసుకుంటూ బయటికి వచ్చాను.

పన్నెండు పక్కన రెండు.

పదికి ఏడు నిమిషాలు ఉంది. తలుపు కొట్టి పిలిచాను. పలకలేదు. సువర్ణ పిలిచింది. తిరుపతి పిలిచాడు. ఎత్తుకొద్దామన్నాడు ఒకడు. వద్దన్నాను. ఆ ఇంట్లో బలవంతం చేసే హక్కు నాకు లేదు.

"నన్ను గాడికి తీస్కపోన్రి" అంది అక్క.

దుప్పటిలోనే మోసుకెళ్లి పన్నెండో నంబరు గడప ముందు దింపాం. తలుపు తెరిచాను. పోశత్త గుంటల పక్కన కూర్చుని ఉంది. అక్క నేల మీద పడుకునే తల తిప్పి చూసింది.

"పోశత్తా, నాకు గాలి గావాలె. ఇంకొన్ని దినాలు బతుకుదామనుకుంటున్న. ఏం జేస్తవో జెయ్యి."

అంతే అంది. బతిమాలే గొంతు కూడా కాదు. పోశత్త అక్కను చూసింది, మోచేతి మీద రక్తం చూసింది. కొంగుతో మొహం తుడుచుకుని లేచి గడప దాకా వచ్చింది. గడప దాటకుండా ఆగింది.

"నన్ను ముగ్గురు పిలిచిన్రు. ఆయన్నెవరు పిల్వలె."

పదికి రెండు నిమిషాలు ఉంది. నేను గడప బయట నిలబడి, గొంతు సవరించుకున్నాను. సిగ్గేసింది, వెంటనే ఆ సిగ్గుకే సిగ్గేసింది.

"ఐలయ్య మామా, బయటికి రా. ఇల్లు ఖాళీ చెయ్యాలె."

"నిమ్మలంగ" అంది పోశత్త. "రెండేండ్లాయె లేవక."

ఆగాం. నూట యాభై మందిలో ఒక్కరూ దగ్గలేదు. దీపం వెలుగుతోంది. పోశత్త ఒక అడుగు బయటికి వేసి, తలుపుకు ఒక పక్కగా జరిగి నిలబడింది, ఎవరికో దారి ఇస్తున్నట్టు. తిరుపతి కూడా జరిగాడు. అతని వెనకవాళ్లూ జరిగారు. ఎవరూ చెప్పకుండానే వరసలో మనిషి పట్టేంత దారి ఏర్పడింది. ఆ దారిలోకి ఎవరూ అడుగు పెట్టలేదు.

మీటరులో పన్నెండు పక్కన ఒకటి. పది గంటలైంది.

"వచ్చిండు" అంది పోశత్త. "ఒత్తు."

నలభై నంబర్ల పక్కనా నొక్కాను. పన్నెండు దగ్గర వేలు ఆగింది. అక్క వైపు చూసి నొక్కాను. ఏడిళ్లలో దీపాలు ఒకేసారి ఆరిపోయాయి.

పది నిమిషాలు చీకటి ఇళ్ల ముందు నిలబడ్డాం. తర్వాత ముందుగా అక్కనే మోసుకెళ్లి మంచం మీద పడుకోబెట్టి, మేమంతా బయటికి వచ్చి తలుపు వేశాం. దీపం వెలిగే ఉంది. మీటరులో ఇరవై రెండు పక్కన ఒకరు. మూడుసార్లు చూసుకున్నాను. లోపలినుంచి అక్క తిడుతోంది, బత్తి కండ్లల్ల పడుతున్నదని.

పోశత్త అందరూ వెళ్లేదాకా బయటే ఉంది. చివరికి లోపలికి వెళ్లి, డబ్బా ముందు నిలబడి, దాని మొహం చాలాసేపు చూసింది.

"ఒకటి జూపెడ్తున్నది ఓదెలూ. ఎవలిదిరా గా ఒకటి?"

"నీదే అత్తా."

"నాదేనా" అంది. తలుపు వేసుకుంది.